విమానాశ్రయ తనిఖీలు, మన గోప్యత: నెల్లూరు, ఒంగోలు ప్రయాణికులు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి వాళ్లు విమానం ఎక్కాలంటే చెన్నైకో రేణిగుంటకో పోవాలి. ఒంగోలు వైపు వాళ్లకు గన్నవరం, లేదంటే శంషాబాద్. గంటల తరబడి ప్రయాణం చేసి అక్కడికి చేరాక, వెనక వంద మంది లైన్లో ఉండగా, ఎదుట యూనిఫాం వేసుకున్న మనిషి హిందీలో అడుగుతుంటే సందేహం తీర్చుకునే వీలుండదు. ఏది తప్పనిసరో, ఏది మన ఇష్టమో తెలియక అన్నింటికీ తలూపేస్తాం, లేదా తలూపాల్సిన చోట గొడవ పడతాం. పదే పదే వచ్చే ఆ సందేహాలను ప్రయాణంలో ఎదురయ్యే వరుసలోనే ఇక్కడ పెట్టాం. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## టికెట్ కొనేటప్పుడు, ఇల్లు కదలకముందు

ఆధార్ లేకపోతే విమానం ఎక్కనివ్వరా?

ఎక్కనిస్తారు. దేశం లోపల తిరిగే విమానాలకు ఫొటో ఉన్న అసలు గుర్తింపు కార్డు ఏదో ఒకటి చాలు. పాస్‌పోర్టు, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాన్ కార్డు, ఫొటో అంటించిన జాతీయ బ్యాంకు పాస్‌బుక్కు, పెన్షన్ కార్డు, దివ్యాంగుల గుర్తింపు కార్డు ఇవన్నీ చెల్లుతాయి. జిరాక్స్ చెల్లదు. డిజిలాకర్‌లో తెరిచి చూపిస్తే చెల్లుతుంది. తల్లిదండ్రులతో వెళ్లే చంటిపిల్లలకు విడిగా కార్డు అడగరు. అయితే రెండేళ్ల లోపు అని టికెట్ తీసుకుంటే వయసు రుజువుకు పుట్టినతేదీ పత్రం దగ్గర పెట్టుకోండి.

మనవాళ్లకు చిక్కు వచ్చేది కార్డు దగ్గర కాదు, పేరు దగ్గర. కార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, టికెట్లో పూర్తిగా ఉంటుంది. ఏ కార్డు చూపించబోతున్నారో ముందే తేల్చుకుని, టికెట్లో పేరు దాని ప్రకారమే వేయించండి. అంతర్జాతీయ ప్రయాణమైతే పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు ఉండాల్సిందే.

ట్రావెల్ ఏజెంటు పాస్‌పోర్టు వాట్సాప్‌లో పంపమంటున్నాడు. పంపొచ్చా?

అంతర్జాతీయ టికెట్‌కు పాస్‌పోర్టు నంబరు, గడువు తేదీ, పుట్టిన తేదీ కావాలి కాబట్టి అడగడంలో తప్పులేదు. ఇబ్బందల్లా ఆ ఫొటో ఏజెంటు ఫోన్లో, ఆయన కుర్రాడి ఫోన్లో, ఆఫీసు కంప్యూటర్లో ఏళ్ల తరబడి పడి ఉండటమే. వివరాలు చాలంటే టైపు చేసి పంపండి, ఫొటో వద్దు. కాపీ ఇవ్వక తప్పకపోతే దాని మీద అడ్డంగా 'ఫలానా తేదీ టికెట్ కోసం మాత్రమే' అని రాసి, తేదీ వేసి ఇవ్వండి. టికెట్ వచ్చాక తీసేయమని మెసేజ్ పెట్టండి. అడిగిన దాఖలా మీ దగ్గర ఉంటుంది.

ఇంకొకటి. కొందరు ఏజెంట్లు బుకింగ్‌లో మీ నంబరుకు బదులు తమ సెల్ నంబరు, తమ మెయిల్ వేస్తారు. అప్పుడు విమానం వేళ మారినా కబురు మీకు రాదు. పైగా ప్రభుత్వానికి వెళ్లే రికార్డులో మీ పేరు పక్కన వాళ్ల నంబరు కూర్చుంటుంది. మీ నంబరే వేయమని గట్టిగా చెప్పండి.

టికెట్ కొన్నప్పుడు ఇచ్చిన వివరాలు ప్రభుత్వానికి వెళ్తాయా?

విదేశాలకు వెళ్లే, విదేశాల నుంచి వచ్చే విమానాలకు వెళ్తాయి. 2022 ఆగస్టులో కస్టమ్స్ చట్టం కింద వచ్చిన నిబంధనల ప్రకారం, విమానం బయల్దేరడానికి 24 గంటల ముందే విమానయాన సంస్థ మీ బుకింగ్ రికార్డును కస్టమ్స్ విభాగానికి అందించాలి. అందులో మీ పేరు ఒక్కటే ఉండదు. టికెట్ ఎప్పుడు కొన్నారు, డబ్బు ఎలా కట్టారు, ఫోన్ నంబరు, మెయిల్, అదే బుకింగ్‌లో ఎవరెవరున్నారు, ఏ సీటు, ఎంత సామాను, ఏ ఏజెంటు ద్వారా అన్నీ ఉంటాయి.

ఈ రికార్డును 5 ఏళ్ల దాకా ఉంచుకోవచ్చు. ఆ తర్వాత మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేయాలి. జాతి, మతం, రాజకీయ అభిప్రాయం, ఆరోగ్యం వంటివి బయటపడేలా దీన్ని వాడకూడదని ఆ నిబంధనల్లోనే ఉంది. నిషేధం మంచిదే. కానీ దాన్ని అమలు చేస్తున్నారో లేదో బయటివాళ్లు తనిఖీ చేసే ఏర్పాటు బలంగా లేదు, మా ఆందోళన అక్కడే. ఒళ్లు తడిమి చూడటం నిమిషంలో అయిపోతుంది. రాసిపెట్టుకున్నది మాత్రం ఏళ్లు ఉంటుంది. ఐరోపాలో ఇలాంటి చట్టం మీదే అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2022 జూన్‌లో తీర్పు చెబుతూ, చట్టాన్ని కొట్టేయకుండానే, ఉగ్రవాదం, తీవ్రమైన నేరాల వరకే వాడాలని, అందరి రికార్డులూ 5 ఏళ్లు ఒకేలా దాచిపెట్టడం కుదరదని కట్టడి చేసింది. మన దగ్గర కూడా అలాంటి కట్టడి రావాలి.

బోర్డింగ్ పాస్ ఫొటో స్టేటస్‌లో పెడితే ఏమవుతుంది?

దాని మీదున్న ఆరక్షరాల బుకింగ్ కోడ్, మీ ఇంటిపేరు, ఈ రెండూ ఉంటే చాలు. చాలా సంస్థల వెబ్‌సైట్లలో ఎవరైనా మీ బుకింగ్ తెరవొచ్చు. ఫోన్ నంబరు చూడొచ్చు, సీటు మార్చొచ్చు, టికెట్ రద్దు కూడా చేయొచ్చు. కోడ్ మీద వేలు అడ్డం పెట్టినా లాభం లేదు, ఎందుకంటే పక్కనున్న గళ్ల బార్‌కోడ్‌లోనూ అదే సమాచారం ఉంటుంది. ఫొటో పెట్టాలనుంటే విమానం రెక్కది పెట్టండి. ప్రయాణం అయ్యాక పాస్‌నూ, పెట్టెకు కట్టిన చీటీనీ చించి పారేయండి.

## గేటు దగ్గర, ముఖం చూపించే చోట

డిజియాత్ర తప్పనిసరా? యాప్ లేకపోతే లోపలికి పోనివ్వరంటున్నారు.

తప్పనిసరి కాదు. కార్డుకు బదులు ముఖాన్ని కెమెరాకు చూపించి గేటు దాటే ఏర్పాటు ఇది. ఇష్టమైన వాళ్లకే అని పౌర విమానయాన శాఖ పలుసార్లు చెప్పింది. 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసిలో మొదలై తర్వాత మిగతా చోట్లకు వచ్చింది. మనం వెళ్లే వాటిలో గన్నవరం, శంషాబాద్, చెన్నైలో ఉంది. దేశీయ విమానాలకే ఇది పనికొస్తుంది. కువైట్‌కో దుబాయ్‌కో వెళ్లేవాళ్లకు దీంతో పనిలేదు.

యాప్ లేనివాళ్ల కోసం మామూలు గేటు ఉంటుంది. కార్డు, టికెట్ చూపించి వెళ్లడమే. రద్దీలో అన్ని గేట్లకూ డిజియాత్ర బోర్డులే కనిపిస్తే, 'మాన్యువల్ ఎంట్రీ ఎక్కడ?' అని అడగండి. చూపించాల్సిందే.

గేటు దగ్గర ఒకతను ఫోన్ పెట్టి ఫొటో తీసి, బోర్డింగ్ పాస్ స్కాన్ చేశాడు. అదేంటి?

లైన్లో ఉన్నవాళ్లను అక్కడికక్కడే డిజియాత్రలో చేర్చడం అది. చాలామంది దాన్ని భద్రతా తనిఖీ అనుకుని ముఖం చూపించేస్తారు. అడగకుండా చేర్చుకుంటున్నారని 2024 మొదట్లో ఫిర్యాదులు పెద్దఎత్తున వచ్చాయి. గుర్తుంచుకోవాల్సిన తేడా ఒకటే. కార్డు, టికెట్ చూసే సీఐఎస్ఎఫ్ (విమానాశ్రయాల కాపలా చూసే కేంద్ర బలగం) జవానుకు మీ ముఖం కళ్లతో చూస్తే చాలు. కెమెరా పెట్టి ఫొటో తీస్తామన్నది విమానాశ్రయ సిబ్బంది అయితే, 'వద్దండీ, కార్డు చూపిస్తాను' అంటే అక్కడితో అయిపోవాలి. గట్టిగా అరవక్కర్లేదు. కార్డు తీసి చేతిలో పట్టుకుని చెబితే ఎక్కువసార్లు మారుమాట లేకుండా పంపిస్తారు.

డిజియాత్రలో నా ముఖం వివరాలు ఎక్కడ ఉంటాయి? తీసేయడం ఎలా?

ఆధార్ ద్వారా ధ్రువపరిచిన వివరాలు, మీ సెల్ఫీ మీ ఫోన్లోనే ఉంటాయని, ప్రయాణానికి ముందు మీరు పంపినప్పుడే ఆ విమానాశ్రయానికి చేరతాయని, విమానం బయల్దేరిన 24 గంటల్లో అక్కడి సర్వర్ నుంచి తుడిచేస్తారని నిర్వాహకులు చెబుతారు. ఏర్పాటు బాగుంది. అయితే దీని విధాన పత్రంలోనే రెండు మినహాయింపులున్నాయి. భద్రతా అవసరం ఉంటే తుడిచే గడువు మార్చొచ్చు, అప్పటి పద్ధతుల ప్రకారం భద్రతా సంస్థలకు వివరాలు చూపించొచ్చు. ఇంకో సంగతి, దీన్ని నడిపే డిజియాత్ర ఫౌండేషన్‌లో ప్రభుత్వ సంస్థ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వాటా 26 శాతమే. మిగతాది ఐదు విమానాశ్రయాల నిర్వహణ కంపెనీలది.

వద్దనుకుంటే యాప్‌ను ఊరికే ఫోన్లోంచి తీసేయకండి. ముందు యాప్ లోపలికి వెళ్లి గుర్తింపు వివరాలను తొలగించి, ఆ తర్వాతే యాప్ తీసేయండి. ఎప్పుడో పెట్టుకుని మరిచిపోయిన వాళ్లు 2024లో పాత యాప్ మారి కొత్తది వచ్చిందని గమనించండి. పాతది ఫోన్లో ఇంకా ఉంటే తీసేయాల్సిందే.

## ఒంటి తనిఖీ, సామాను తనిఖీ

మెటల్ డిటెక్టర్ మోగలేదు. అయినా ఒళ్లంతా ఎందుకు తడుముతారు?

మన దేశంలో పద్ధతే అది. ద్వారం లాంటి డిటెక్టర్ దాటాక అందరినీ చిన్న పీట మీద నిలబెట్టి, చేతులు చాపించి, చేతి యంత్రంతోనూ, చేత్తో తడిమీ చూస్తారు. లోహం కాని ఆయుధం, ప్లాస్టిక్‌లో చుట్టిన పేలుడు పదార్థం ద్వారం దగ్గర మోగవు కాబట్టి ఇలా చేస్తారు. 1976లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం హైజాక్ అయ్యాక వేసిన కమిటీ సిఫారసుతో 1978లో పౌర విమానయాన భద్రతా విభాగం పుట్టింది. 1985లో ఎయిరిండియా కనిష్క విమానం పేల్చివేత తర్వాత, 1987లో అది స్వతంత్ర సంస్థ అయింది. 1999 డిసెంబరులో ఖాట్మండు విమానాన్ని కాందహార్‌కు ఎత్తుకుపోయాక, 2000 నుంచి విమానాశ్రయాల కాపలా సీఐఎస్ఎఫ్ చేతికి వచ్చింది. ఈ తనిఖీ వెనక ప్రాణాలున్నాయి. దీన్ని తిరస్కరిస్తే విమానం ఎక్కనివ్వరు, తిరస్కరించకూడదు కూడా.

మర్యాదగా ఉండమని మాత్రం అడగొచ్చు. చేతి వెనక భాగంతో చూడమనొచ్చు, పక్కకు తీసుకెళ్లి చూడమనొచ్చు.

ఆడవాళ్లను ఎవరు చూస్తారు? తాళి, గాజులు తీయాలా? బురఖా తీయమంటారా?

ఆడవాళ్లను మహిళా సిబ్బందే, తెర వేసిన గదిలోనే చూడాలి. తాళి, మెట్టెలు, గాజులు తీయక్కర్లేదు. చేతి యంత్రం కూత పెడితే అదేంటో చూస్తారు, అంతే. బురఖా, ముసుగు వేసుకున్న వాళ్లు ముఖం మహిళా అధికారికి తెర లోపల చూపిస్తే సరిపోతుంది. అలా కుదరదని ఎవరన్నా అంటే 'లేడీ ఆఫీసర్, ప్రైవేట్ చెకింగ్' అని రెండు మాటలు చెప్పండి. చెన్నైలోనైనా శంషాబాద్‌లోనైనా అర్థమవుతాయి.

గదిలోకి వెళ్లేటప్పుడు సంచి, ఫోన్, పర్సు ట్రేలో బయటే ఉండిపోతాయి. నగలు ట్రేలో విడిగా పెట్టకండి. జిప్పు ఉన్న చేతిసంచిలో వేసి అది ఎక్స్‌రే యంత్రంలోకి పోయేదాకా చూసి అప్పుడు కదలండి. ఎక్కువసేపు పట్టేలా ఉంటే 'నా ట్రే కూడా ఇక్కడికి తెప్పించండి' అనొచ్చు.

చీమకుర్తి క్వారీలో పనిచేస్తాను. పేపర్ ముక్కతో చేతులు తుడిచి, యంత్రంలో పెడితే అలారం వచ్చింది. నేను దొంగనా?

కాదు. ఆ యంత్రం వెతికేది పేలుడు పదార్థాల అణువుల జాడ. బ్లాస్టింగ్ జరిగే చోట పనిచేసేవాళ్ల బట్టలకు, బూట్లకు, సంచి పట్టీలకు అమ్మోనియం నైట్రేట్ అంటుకుని ఉంటుంది. నైట్రేట్ ఎరువు చల్లిన చేతులు, గ్లిజరిన్ ఉన్న చేతి క్రీము, గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర కూడా కొన్నిసార్లు అలారం మోగిస్తాయి. అలారం అంటే నేరం రుజువైనట్టు కాదు, ఇంకోసారి చూడాలని మాత్రమే.

ఏం చేయాలంటే, పనికి వాడిన సంచి, బూట్లు, బెల్టు ప్రయాణానికి వాడకండి. ఉతికిన బట్టలు వేసుకుని, గోళ్ల సందుల దాకా సబ్బుతో కడుక్కుని బయల్దేరండి. కంపెనీ గుర్తింపు కార్డు, మందుల చీటీ పైజేబులో ఉంచండి. అలారం వస్తే దాచకుండా 'గ్రానైట్ క్వారీ వర్కర్' అని మొదటే చెప్పండి. మళ్లీ తుడుస్తారు, సంచి విప్పుతారు, పేరు రాసుకుంటారు. పదిహేను ఇరవై నిమిషాలు పోతాయని లెక్కేసుకుని ముందుగా చేరండి. పావుగంట తర్వాత చెప్పే నిజాన్ని సాకు అనుకుంటారు, అందుకే మొదటే చెప్పడం ముఖ్యం.

కృత్రిమ కాలు ఉంది. అందరి ముందూ విప్పమంటే?

విప్పక్కర్లేదు. ఏకాంతంగా చూడమని, పేలుడు జాడ పట్టే యంత్రంతో తుడిచి చూడమని అడగండి. 2021లో ఒక ప్రముఖ నర్తకి తన కృత్రిమ కాలు ప్రతిసారీ విప్పిస్తున్నారని బయటపెట్టాక సీఐఎస్ఎఫ్ క్షమాపణ చెప్పింది. అదే ఏడాది సుప్రీంకోర్టు కూడా కృత్రిమ అవయవాలు తీయించడం మనిషి గౌరవానికి తగదని, దివ్యాంగులను వాళ్ల అంగీకారం లేకుండా ఎత్తకూడదని చెప్పింది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ద్వారం దాటకముందే కార్డు చూపించి, చేత్తో తనిఖీ చేయమని కోరండి.

బాడీ స్కానర్‌లో ఒంటిమీద బట్టల్లేనట్టు కనిపిస్తుందా?

ఒకప్పుడు అమెరికాలో వాడిన ఎక్స్‌రే రకం యంత్రాల్లో దాదాపు అలాగే కనిపించేది. జనం అభ్యంతరం చెప్పాక 2013లో వాటిని అక్కడి విమానాశ్రయాల నుంచి తీసేశారు. ఇప్పుడు వాడే మిల్లీమీటర్ తరంగాల యంత్రం అందరికీ ఒకేలాంటి బొమ్మ గీసి, అనుమానం ఉన్న చోట గుర్తు పెడుతుంది. భద్రత ఏమాత్రం తగ్గకుండా గోప్యత కాపాడొచ్చని ఈ మార్పే చెబుతోంది. మన దగ్గరా ఈ రకాన్నే పెంచితే తడిమే పని తగ్గుతుంది.

పచ్చడి, కారంపొడి, ఎండుకొబ్బరి ఎందుకు తీసేస్తారు? సంచి నేను లేకుండా తెరవొచ్చా?

కారంపొడి కళ్లల్లో చల్లే ఆయుధం అవుతుంది కాబట్టి చేతిసంచిలో వద్దు, పెట్టెలో వేయండి. ఆవకాయ, గోంగూర కూడా గట్టిగా ప్యాక్ చేసి పెట్టెలోనే పెట్టండి. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, వేడికి అంటుకుంటుంది. అందుకే అది రెండిట్లోనూ వద్దు. పవర్ బ్యాంకు దీనికి తలకిందులు. అది చేతిసంచిలోనే ఉండాలి, పెట్టెలో ఉంటే మిమ్మల్ని వెనక్కి పిలుస్తారు.

మన దేశంలో అనుమానం వచ్చిన పెట్టెను మిమ్మల్ని పిలిచి, మీ ఎదుట విప్పడం పద్ధతి. అమెరికాలో మీరు లేకుండానే విప్పి, లోపల ఒక చీటీ పెడతారు. వాళ్ల దగ్గర తాళంచెవి ఉండే రకం తాళం వేస్తే పగలగొట్టరు.

జవాను నా ఫోన్ తెరిచి చూపించమంటే?

ఫోన్‌ను ట్రేలో పెట్టమనడం, అది నిజంగా ఫోనేనా అని తెర వెలిగించి చూపించమనడం భద్రతా తనిఖీలో భాగం. మెసేజీలు, ఫొటోలు, గ్యాలరీ చూడటం అందులో భాగం కాదు. ఆ తనిఖీ ఆయుధాలు, పేలుడు పదార్థాల కోసం. 'ఫోన్ ఆన్ చేసి చూపిస్తాను, లోపల చూడటానికి ఏ ఆర్డర్ ఉందో చెప్పండి' అని నెమ్మదిగా అడగండి. కేసు దర్యాప్తులో పోలీసులు ఫోన్ స్వాధీనం చేసుకుంటే అది వేరే సంగతి. అప్పుడు స్వాధీన పత్రం కాపీ, అందులో ఫోన్ గుర్తింపు సంఖ్య రాయించుకోవడం మర్చిపోవద్దు.

ఎంపీ, ఎమ్మెల్యేలకు తనిఖీ ఉండదా?

ఉంటుంది. రాష్ట్రపతి, ప్రధాని, ముఖ్యమంత్రులు, సుప్రీంకోర్టు న్యాయమూర్తులు వంటి పదవుల జాబితా ఒకటి ఉంది, వాళ్లకే మినహాయింపు. ఎంపీ, ఎమ్మెల్యే ఆ జాబితాలో లేరు.

## ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్

ఇమ్మిగ్రేషన్‌లో ఆపి, నా మీద లుకౌట్ నోటీసు ఉందన్నారు. ఏం చేయాలి?

ఫలానా మనిషి వస్తే ఆపమనో, కబురు చెప్పమనో ఇమ్మిగ్రేషన్‌కు ఇచ్చే సర్క్యులరే లుకౌట్ నోటీసు. మన జిల్లాల్లో ఇది ఎక్కువగా కుటుంబ తగాదా కేసుల్లో, అప్పు కేసుల్లో ఎదురవుతుంది. చాలామందికి సంగతి కౌంటర్ దగ్గరే మొదటిసారి తెలుస్తుంది. అక్కడున్న అధికారి ఆ సర్క్యులర్‌ను పుట్టించినవాడు కాదు, రద్దు చేసే అధికారం కూడా ఆయనకు లేదు. ఆయనతో వాదించి లాభం లేదు. అడగాల్సినవి మూడు: ఏ జిల్లా పోలీసులు లేదా ఏ సంస్థ పెట్టించింది, ఏ కేసు నంబరు మీద, నన్ను ఆపడమేనా లేక అదుపులోకి తీసుకోవడమా. ఈ మూడూ కాగితం మీద రాసుకోండి.

జిల్లాలో ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి కోరితేనే ఇది పెట్టాలి. అరెస్టుకు వీలున్న నేరమై ఉండి, నిందితుడు కావాలని తప్పించుకు తిరుగుతున్నప్పుడో, వారంట్లు ఇచ్చినా కోర్టుకు రానప్పుడో మాత్రమే వాడాలని ఢిల్లీ హైకోర్టు 2010లో చెప్పింది. అంత తీవ్రం కాని కేసుల్లో మనిషిని ఆపకూడదు, రాకపోకలు తెలియజేయడం వరకే. విదేశానికి వెళ్లే హక్కు వ్యక్తి స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 1978లో మేనకా గాంధీ కేసులో స్పష్టం చేసింది కాబట్టి, కారణం లేని లుకౌట్ కోర్టులో నిలవదు. ప్రభుత్వ రంగ బ్యాంకులు తమంతట తాము లుకౌట్ కోరే అధికారాన్ని బాంబే హైకోర్టు 2024 ఏప్రిల్‌లో కొట్టేసింది.

2021 నుంచి లుకౌట్ తనంతట తాను ముగిసిపోదు. పెట్టించినవాళ్లు తీసేయమని రాసేదాకా ఉంటుంది. కేసు రాజీ అయినా, కొట్టేసినా ఆ లేఖ వెళ్లకపోతే కంప్యూటర్లో అలాగే ఉండిపోతుంది. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, పైగా టికెట్ డబ్బులూ పోతాయి. కేసు ముగియగానే తీర్పు కాపీ జతచేసి ఎస్పీ ఆఫీసులో అర్జీ ఇచ్చి, రసీదు తీసుకుని, తొలగించమని రాసిన లేఖ వెళ్లిందని నిర్ధారించుకున్నాకే టికెట్ కొనండి. ఒప్పుకోకపోతే కేసు నడిచే కోర్టుకో, మన రాష్ట్ర పోలీసులు పెట్టించినదైతే అమరావతిలోని హైకోర్టుకో వెళ్లొచ్చు.

అదుపులోకి తీసుకుంటే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలపాలి, లాయరును కలవనివ్వాలి, ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఫోన్ లాక్కుంటే నంబర్లు గుర్తుండవు. లాయరు నంబరు, ఇంటి నంబరు చీటీ మీద రాసి పాస్‌పోర్టు కవర్లో పెట్టుకోండి.

కస్టమ్స్ వాళ్లు బంగారం కోసం ఒళ్లు సోదా చేస్తామంటే?

కువైట్, దుబాయ్ నుంచి వచ్చే ఆడవాళ్లు ఇది తప్పక తెలుసుకోవాలి. కస్టమ్స్ చట్టం 102వ సెక్షన్ ప్రకారం సోదాకు ముందు గెజిటెడ్ కస్టమ్స్ అధికారి దగ్గరికో మేజిస్ట్రేటు దగ్గరికో తీసుకెళ్లమని మీరు కోరొచ్చు. సోదాకు తగిన కారణం లేదని ఆయనకు అనిపిస్తే వెంటనే వదిలేయాలి. ఆడమనిషిని ఆడమనిషే సోదా చేయాలి. ఇద్దరు సాక్షులుండాలి, జాబితా రాయాలి. ఒంటి లోపల దాచారన్న అనుమానంతో ఎక్స్‌రే తీయాలంటే మీరు ఒప్పుకోనప్పుడు మేజిస్ట్రేటు ఆదేశం కావాలి. తెల్ల కాగితం మీద, చదవకుండా సంతకం పెట్టొద్దు. మీకు రాని భాషలో ఉంటే 'చదివి వినిపించలేదు' అని తెలుగులో రాసి సంతకం చేయండి.

చెన్నైలో వేలిముద్రలిస్తే ఇమ్మిగ్రేషన్ లైను ఉండదంటున్నారు. ఇవ్వొచ్చా?

అది నమ్మకమైన ప్రయాణికుల పథకం. 2024 జూన్‌లో ఢిల్లీలో, 2025 జనవరిలో చెన్నై, హైదరాబాద్ సహా మరికొన్ని చోట్ల వచ్చింది. ఇష్టమైతేనే చేరొచ్చు. నెలకోసారి తిరిగేవాళ్లకు బాగా పనికొస్తుంది. రెండేళ్లకోసారి ఊరొచ్చే మనిషి పావుగంట మిగుల్చుకోవడానికి వేలిముద్రలు, ముఖం ఇవ్వడం అవసరమా అన్నది మీరే తేల్చుకోండి. మా సలహా, అలాంటివాళ్లు లైన్లో నిలబడటమే మేలు.

మా అబ్బాయి అమెరికా వెళ్తున్నాడు. అక్కడ ఫోన్ తీసుకుని చూస్తారట, నిజమేనా?

చూడొచ్చు. అక్కడి సరిహద్దు అధికారులకు ఆ అధికారం ఉంది. 2018 నాటి వాళ్ల ఆదేశాల ప్రకారం ఫోన్‌ను నెట్ నుంచి తెంచి, అందులో ఉన్నదే చూడాలి. యంత్రానికి తగిలించి లోతుగా వెతకాలంటే తగిన అనుమానం లేదా దేశ భద్రత కారణం ఉండాలి, పై అధికారి అనుమతి కావాలి. పౌరుడు కాని మనిషి పాస్‌వర్డ్ ఇవ్వనంటే వెనక్కి పంపే ప్రమాదం ఉంది. అబుదాబి మీదుగా వెళ్తే ఈ తనిఖీ అబుదాబిలోనే జరుగుతుంది.

వీసా దరఖాస్తులో గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు 2019 నుంచే అడుగుతున్నారు. విద్యార్థులు ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలని 2025 జూన్ నుంచి అడుగుతున్నారు. ఖాతా దాచడం, అబద్ధం రాయడం చేయొద్దు. బ్యాంకు వివరాలు, ఇంటివాళ్ల ఆధార్ ఫొటోలు, ఊరి గ్రూపుల్లో వచ్చిన వీడియోలు ప్రయాణానికి ముందు ఫోన్లోంచి తీసేసి ఇంట్లో దాచుకోవడం మాత్రం తప్పుకాదు. పేరు పోలిక వల్ల ప్రతిసారీ ఆపుతుంటే అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖకు అర్జీ పెట్టుకుంటే ఒక పరిష్కార సంఖ్య ఇస్తారు. దాన్ని టికెట్ కొనేటప్పుడు వేయించాలి.

## విమానంలో

'బ్యాగులో బాంబు ఉందా ఏంటి' అని సరదాగా అన్నా కేసు పెడతారా?

పెడతారు. 2024 అక్టోబరులో వందలాది ఉత్తుత్తి బెదిరింపులొచ్చాక డిసెంబరులో నిబంధనలు బిగించారు. తనిఖీ లైన్లో ఆ మాటే నోట రానివ్వొద్దు, పిల్లలకూ ముందే చెప్పండి. వాక్ స్వేచ్ఛ పేరుతో దీన్ని వాదించేందుకు ఏమీ లేదు.

గొడవ పడితే ఇక జన్మలో విమానం ఎక్కనివ్వరా?

దానికి 2017 నాటి నిబంధనలున్నాయి. నోటి దురుసుకు 3 నెలల దాకా, చేయిచేసుకుంటే 6 నెలల దాకా, ప్రాణం మీదికి తెస్తే కనీసం 2 ఏళ్లు నిషేధం. విమానయాన సంస్థ తనంతట తాను 30 రోజులే ఆపగలదు. ఆ లోగా రిటైర్డ్ జిల్లా జడ్జి అధ్యక్షుడిగా ఉన్న కమిటీ తేల్చాలి. తేల్చకపోతే మీరు ఎక్కొచ్చు. తీర్పు నచ్చకపోతే 60 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి, అక్కడ రిటైర్డ్ హైకోర్టు జడ్జి ఉంటారు. కమిటీ నుంచి ఉత్తరం వస్తే పక్కన పడేయకుండా తప్పకుండా జవాబివ్వండి.

## దిగాక

నేనే తప్పూ చేయలేదు. ఎవరు ఏం రాసుకుంటే నాకేంటి?

పేరు పోలికతో ఆగిపోయినవాళ్లు, రాజీ అయిన కేసులో లుకౌట్ తీయక ఆగిపోయినవాళ్లు, వీళ్లెవరూ తప్పు చేసినవాళ్లు కాదు. రికార్డు తప్పయితే దిద్దించుకునే దారి ఉండాలి, దానికే గోప్యత హక్కు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా అది ప్రాథమిక హక్కు అన్నారు. ప్రభుత్వం అందులో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, సరైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి ఎంత అవసరమో అంతే ఉండాలి. ఏ తనిఖీనైనా ఈ మూడింటితో తూచి చూడండి. ఒళ్లు తడమడం నిలుస్తుంది, గేటు దగ్గర అడగకుండా ఫొటో తీయడం నిలవదు.

అవమానం జరిగింది. ఎవరికి, ఎలా ఫిర్యాదు చేయాలి?

ముందు అక్కడే డ్యూటీలో ఉన్న ఇన్‌స్పెక్టరును పిలవమనండి. తనిఖీ ప్రాంతంలో వీడియో తీయొద్దు, ఫిర్యాదు కాస్తా ఎదురు కేసవుతుంది. బదులుగా ఎన్నో నంబరు లైను, ఎన్ని గంటలకు, యూనిఫాం మీద పేరు ఏంటి అన్నవి బయటికి రాగానే రాసుకోండి. కెమెరా రికార్డులు ఎక్కువ కాలం ఉంచరు. అందుకని రెండు మూడు రోజుల్లోనే ఫిర్యాదు పెట్టి, 'ఫలానా లైను, ఫలానా సమయం రికార్డు భద్రపరచండి' అని అందులోనే రాయండి. విమానాశ్రయ సేవల మీదైతే ఎయిర్‌సేవా పోర్టల్, కేంద్ర సంస్థల మీదైతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్. తీవ్రమైనదైతే ఏడాదిలోగా జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు రాయొచ్చు.

సమాచార హక్కు చట్టం నుంచి సీఐఎస్ఎఫ్‌కు మినహాయింపు ఉంది. కానీ అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు ఆ మినహాయింపు వర్తించదు. దరఖాస్తులో 'మానవ హక్కుల ఉల్లంఘనకు సంబంధించి' అని మొదటి వాక్యంలోనే రాయండి, లేకపోతే తిప్పి పంపేస్తారు.

నా వివరాలు తీసేయమని విమానయాన సంస్థను అడగొచ్చా?

2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ హక్కు ఇచ్చింది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. సంస్థల ముఖ్య బాధ్యతలు అప్పటి నుంచి 18 నెలలకు, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. అప్పటిదాకా కూడా మెయిల్ పెట్టి అడగండి. ప్రకటనల మెసేజీలు, పాత కార్డు వివరాలు ఇప్పుడే తీయించుకోవచ్చు. చట్టప్రకారం ఉంచాల్సినవి తీయరు. దేశ భద్రత పేరుతో ప్రభుత్వం ఏ సంస్థకు మినహాయింపు ప్రకటిస్తే దానికి ఈ చట్టం వర్తించదు. మెయిల్‌లో బుకింగ్ కోడ్, ప్రయాణ తేదీ, ఏ వివరం తీసేయాలో విడివిడిగా రాయండి. 'అన్నీ తీసేయండి' అని ఒక్క ముక్కలో రాస్తే జవాబు రాదు.